నా వీపు చప్పుడు

ఆ సినిమాలో నేను ముప్పై రెండు సార్లు ఓడిపోయాను.
హీరో గెలవాలి కదా మరి.

డాకర్ శివార్లలో, పికిన్‌లో,
వాననీళ్ళు ఇంకా ఇంకని బడి వెనక
లారీలతో తెచ్చి పోసిన ఇసుక.
నడుముకు గుడ్డ, జబ్బలకు తాయెత్తులు,
నెత్తిన కుమ్మరించుకున్న పాలు
(పాలు కాదు, పిండి కలిపిన నీళ్ళు).
డైరెక్టరు చెయ్యెత్తేవాడు, నేను పడేవాణ్ణి.
పడటం కూడా ఒక విద్యే.
గడ్డం గుండెకు ఆనించి, ఊపిరి వదిలేసి,
నేల మనకు బాకీ ఉన్నట్టు
నిబ్బరంగా ఒరగాలి.
కూలి ఎనిమిది వేల ఫ్రాంకులు, మధ్యాహ్నం చేపా అన్నం.

బిరామ్ అని ఒక కుర్రాడు
ఇసుకలో మైకు పాతిపెట్టాడు, గింజ నాటినట్టు.
అది మొలుస్తుందని ఎవరనుకున్నారు?

వానాకాలం వచ్చింది.
సినిమా కంటే ముందు పాటలొచ్చాయి.
పద్నాలుగు పాటలు, పచ్చ అట్ట మీద పిడికిలి.
మినీబస్సులో అవే, టైలరు కొట్టులో అవే,
మాంసం కాల్చే బండి దగ్గర పొగలో కూడా అవే.
ఖుదియా గొంతు,
ఇప్పుడే పొలమారి తేరుకున్న మనిషిది:
"స్టేడియానికి కొత్త కప్పు వేశారు
మా నాయనమ్మ మంచం కోళ్ళ కింద
మేము ఇటుకలు వేశాం
మంత్రిగారూ
మీ కుర్చీకి కూడా నాలుగే కాళ్ళు"

ఆ మాట మీద, ధబ్.
ఒక క్షణమాగి మళ్ళీ, ధబ్.

టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది.
తన వీపు చప్పుడు తను పోల్చుకోలేనివాడుంటాడా?
ముందు ఎడమ భుజం, తర్వాత తుంటి,
మధ్యలో వెంట్రుకవాసి సందు.
పాత దెబ్బ మిగిల్చిన నత్తి అది,
నా ఒంటికొక్కదానికే ఉంది.
పద్నాలుగు పాటల్లోనూ నేనే పడుతున్నాను.
పెళ్ళిళ్ళలో నా మీద గంతులేస్తున్నారు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. రేడియోవాళ్ళు ఆరోపాట ఆపేశారు.
నిర్మాతకు చెమటలు పట్టి
మాటలు పీకేసి, తాళం ఉంచి, మళ్ళీ అచ్చేయించాడు.
అదే అతని పొరపాటు.
బస్సులో ఇరవై మంది కిటికీల్లోకి చూస్తూ
పెదాలు మాత్రం కదుపుతారు,
నాలుగే కాళ్ళు దగ్గరికి రాగానే
అందరి మడమలూ ఒక్కసారి:
ధబ్.
కండక్టరు కూడా.

నేను స్టూడియోకి వెళ్ళాను.
మేడ మీద గది, గోడలనిండా గుడ్ల అట్టలు.
"అది బియ్యం బస్తా అనుకున్నా" అంది ఖుదియా.
బిరామ్ నేల చూపులు చూశాడు.
డిస్కు వెనక దేవుడికి, గురువులకు, అమ్మలకు,
కరెంటు అప్పిచ్చిన పక్కింటాయనకు కృతజ్ఞతలున్నాయి.
జెగాన్ ఫాయ్ అన్న పేరు లేదు.
"ఏడోపాటలో చెమట గురించి పాడింది నువ్వే కదమ్మా,
ఎవరి చెమట?" అన్నాను.
కోపంగా కాదు. నాకా పాటంటే ఇష్టం.
"లెక్కపెట్టాను, మొత్తం పదకొండు వందల నలభై ఆరు ధబ్బులు.
ఒక్కోదానికి ఐదు ఫ్రాంకులివ్వు చాలు."
ఆమె నవ్వబోయి ఆగింది.
పర్సు తీసి బోర్లించింది. బస్సు టికెట్లు,
సగం అరిగిన లిప్‌స్టిక్, ఆరువందల ఫ్రాంకులు.
"డబ్బంతా నిర్మాత దగ్గరే ఉంది అన్నా,
నా పాటలకే ఇంకా రాలేదు."
ముగ్గురం టీ తాగాం, మూడు విడతలు,
మొదటిది చేదుగా, ఆఖరిది తీయగా.
తర్వాతి డిస్కులో పేరు వేస్తానంది.
వేస్తుందేమో.

ఈ రాత్రి మళ్ళీ వాన.
గడప దాటి వచ్చిన నీళ్ళలో నా చెప్పులు తేలుతున్నాయి.
మంచం కింద రెండో వరస ఇటుకలు పెట్టాం.
గోడ అవతల ఎవరో ఆ మాటల్లేని పాటే పెట్టారు,
నిద్రలో నా కొడుకు పెదాలు కదులుతున్నాయి.
ఎడమ భుజం సలుపుతోంది.
చెయ్యి ఆనించి, మెల్లగా, మెల్లగా
వీపు వాల్చాను,
చిన్న చప్పుడు కూడా కాకుండా.
ఇక ఊరికే ఇవ్వను.